మామిడి పుల్ల మీద నల్ల చుక్కలు

సిరిమాను సంబరం అయిన వారంలో మావయ్య ఒక ఎరువుల సంచి నిండా ఎండు మామిడి పుల్లలు తెచ్చి మా వరండాలో దింపాడు. పండక్కి ఎందుకు రాలేదని అమ్మ నిలదీసేలోపే నా వైపు తిరిగాడు.

"ఏటమ్మా, నువ్వు సెట్ల సదువే కదా సదివినావు. ఇదేటి తెగులో సూసి సెప్పు. కొట్టు వోడు మూడు రకాల మందులు రాసిచ్చినాడు. మూడూ కొట్టాలా, ఒకటి సాలా?"

మావయ్య తోట రామభద్రపురం దాటాక సాలూరు రోడ్డులో ఉంటుంది. ఎక్కువ సువర్ణరేఖ, గట్టు వెంట నాలుగు బంగినపల్లి చెట్లు. వానలు వెనకబట్టే రోజుల్లో కొమ్మల చివర్లు ఎండుతున్నాయట. ఆకులు మట్టి రంగుకు తిరిగి, రాలిపోకుండా అలాగే వేలాడుతున్నాయట. సంచిలోంచి ఒక పుల్ల తీసి చూశాను. పెన్సిలంత లావు ఉంది. బెరడు మీద గసగసాలు చల్లినట్టు నల్ల చుక్కలు.

నేను చీపురుపల్లిలో ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్తాను. ఎమ్మెస్సీ కూడా చేశాను. అయినా అప్పటిదాకా నా చేత్తో ఒక్క ఫంగస్‌ని కూడా గుర్తుపట్టి పేరు పెట్టింది లేదు. మేం చదివినప్పుడు ప్రాక్టికల్ పరీక్షలో స్పాటర్లు, అంటే చూసి పేరు చెప్పాల్సిన నమూనాలు, పెట్టేవారు. స్లైడు మీద పేరు కనపడకుండా కాగితం అంటించేవారు. మాకు అదేం అడ్డం కాదు. మూల విరిగిన స్లైడు పక్సీనియా, పసుపు మరక ఉన్నది ఆల్బ్యూగో, రెండూ మొక్కలకి తెగుళ్లు తెచ్చేవి. మైక్రోస్కోపులోకి చూడకుండానే పదికి పది మార్కులు తెచ్చుకున్నవాళ్లం. ఇప్పుడు మావయ్య తెచ్చిన పుల్లకి విరిగిన మూలా లేదు, మరకా లేదు.

"వారం రోజులు టైమియ్యి మావయ్యా" అన్నాను. నాకు దాదాపు నెల పట్టింది.

మైక్రోస్కోపు నా దగ్గర ఉంది. కరోనా తర్వాత మూతపడ్డ ఒక ట్యుటోరియల్ వాళ్లు సామాను అమ్మేస్తుంటే నాలుగున్నర వేలకు కొన్నాను. అంబాలాలో చేసిన స్టూడెంట్ మోడల్, ఒంటికన్నుది. 10, 40, 100 లెన్సులు మూడూ ఉన్నాయిగానీ 100 లెన్సులోంచి చూస్తే అంతా మంచు పట్టినట్టు ఉంటుంది. విప్పించి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడులా బూజు అల్లుకుని ఉంది. మన దగ్గర గాలిలో తేమకి లెన్సులకి ఇది మామూలే. ఫంగస్‌ని చూడ్డానికి కొన్నదానికే ఫంగస్ పట్టడం చూసి మా ఆయన రెండు రోజులు నవ్వాడు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా 40 లెన్సుతో చూసిందే. నేను చూసినవాటి సైజుకి అది సరిపోయింది కూడా.

మొదటి రోజు మైక్రోస్కోపు జోలికి పోలేదు. భూతద్దం చాలు అనుకుని పుల్లలన్నీ వార్తాపత్రిక మీద పరిచి కూర్చున్నాను. ఆ సాయంత్రం తెలిసింది ఏమిటంటే, నల్ల చుక్కలన్నీ ఒకటి కావు. కొన్ని చుక్కలు బెరడు మీద సహజంగా ఉండే గాలి రంధ్రాలు, మేం క్లాసులో లెంటిసెల్స్ అని చెప్పేవి. అవి కాస్త పొడుగ్గా, పెదవుల్లా విచ్చుకుని, గోధుమ రంగులో ఉంటాయి. గోటితో గీకినా రావు. కొన్ని చుక్కలు గీకగానే చిన్న పెంకులా ఊడి వచ్చాయి, కింద బెరడు మామూలుగానే ఉంది. అవి పొలుసు పురుగులు. వాటి తేనెబంక మీద పెరిగిన మసి తెగులు ఇంకొన్ని పుల్లల మీద ఉంది, తడి గుడ్డతో తుడిస్తే పొయ్యి మసిలా వచ్చేసింది. ఇవన్నీ పక్కన పెడితే మిగిలినవే అసలు చుక్కలు. అవి బెరడు మీద కూర్చున్నవి కావు, లోపలినుంచి పొడుచుకొచ్చినవి. ప్రతి చుక్క చుట్టూ బెరడు పై పొర చిట్లి, అంచులు పైకి లేచి ఉన్నాయి. వేలితో తడిమితే గరుకు కాగితంలా తగిలింది.

సంచిలో ఉన్న పుల్లల్లో సగానికి పైగా ఈ లెక్కలోనే తేలిపోయాయి. మొదటి రోజే మైక్రోస్కోపు పెట్టి ఉంటే పొలుసు పురుగు పెంకుని కోసి, దానికేదో గొప్ప పేరు పెట్టేసేదాన్నేమో.

తర్వాత కోతలు. ఎండిన పుల్లని అలాగే కోస్తే పెళుసుగా ఇరిగిపోతుంది. అరగంట నీళ్లలో నానబెట్టాలి. ఆ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే నీరు తొందరగా ఇంకుతుంది. చుక్క ఉన్నచోట బెరడు ముక్కని గోరంత తీసి, నిలువునా చీల్చిన క్యారెట్ ముక్క మధ్యలో ఇరికించి, రెండూ కలిపి కొత్త షేవింగ్ బ్లేడుతో పల్చగా చెక్కాలి. బ్లేడు తడిగా ఉండాలి, చెయ్యి మన వైపుకి ఒక్క ఊపులో రావాలి. రంపంలా ముందుకీ వెనక్కీ కోస్తే అన్నీ పిండైపోతాయి. చెక్కిన ముక్కల్ని టీ సాసర్‌లో నీళ్లు పోసి అందులో వదిలి, కంటికి కనపడీ కనపడనట్టున్న ముక్కని పెయింటింగ్ బ్రష్‌తో ఏరాలి. ముప్పై ముక్కలు కోస్తే పనికొచ్చినవి రెండు. ఆ రాత్రి క్యారెట్ కూరలో ముక్కలన్నీ ఎందుకింత సన్నగా ఉన్నాయని అమ్మ అడిగింది.

ఇంత కష్టం అక్కర్లేని పద్ధతి కూడా ఉంది. సూది మొనతో ఒక చుక్కని పెకలించి, స్లైడు మీద నీటి బొట్టులో పెట్టి, కవర్‌స్లిప్ వేసి, పెన్సిల్ వెనక రబ్బరుతో మెల్లగా నొక్కితే చుక్క పగిలి లోపలి సరుకు బయటికొస్తుంది. ఫంగస్‌కి విత్తనాల్లాంటి సిద్ధబీజాల ఆకారం తెలుసుకోడానికి అది చాలు. కానీ అవి ఎలాంటి ఇంట్లో పుట్టాయో తెలియాలంటే కోత తప్పదు.

మొదటి రాత్రి నేను స్కూలు నోట్‌బుక్‌లో ఎంతో శ్రద్ధగా వేసిన బొమ్మలు గాలి బుడగలవి. గుండ్రంగా, చుట్టూ లావుపాటి నల్ల అంచుతో, ముచ్చటగా ఉన్నాయి. నాలుగు బొమ్మలు వేశాక కవర్‌స్లిప్ కదిలితే అందులో రెండు కలిసిపోయి ఒకటయ్యాయి. అప్పుడు అర్థమైంది. నీటి కంటే ముందు ఒక చుక్క స్పిరిట్‌తో తడిపితే బుడగలు చాలావరకు పోతాయని తర్వాత నేర్చుకున్నాను.

రెండో తప్పు వెలుతురుది. చీకట్లో వెతుకుతున్నట్టు దీపం పూర్తిగా పెంచేశాను. రంగులేని బీజాలు అంత వెలుగులో కనపడవు, ఎండలో గాజు పెంకు కనపడనట్టే. కింద డయాఫ్రం సగానికి పైగా మూసి, వెలుగు తగ్గించి చూస్తే అప్పటిదాకా ఖాళీగా ఉన్నచోట గుంపులు గుంపులుగా తేలాయి.

అప్పుడు చూసిన కోత ఇంకా కళ్లముందు ఉంది. బెరడులో మెడదాకా పాతిపెట్టిన ముంత, మూతి మాత్రం బయటికి. గోడ దట్టమైన గోధుమ రంగు, అరలు అరలుగా పేర్చినట్టు నాలుగైదు వరసల కణాలు. దీన్నే పిక్నిడియం అంటారు. లోపలి గోడ పొడుగునా సన్నని మేకుల్లాంటి కణాలు, ఒక్కో మేకు చివర ఒక్కో బీజం ఊరుతూ ఉంది. మొనదగ్గర ఉన్నవి చిన్నవి, ముంత మధ్యలోకి రాలినవి పెద్దవి. మేకుల మధ్యలో వెంట్రుకల్లాంటి పొడవాటి తంతువులు కూడా నిలబడి ఉన్నాయి. అవి నాకు అడ్డం అనిపించాయి, బీజాలు సరిగ్గా కనపడనివ్వట్లేదని విసుక్కున్నాను. ఆఖరికి పేరు తేల్చడంలో సాక్ష్యం చెప్పినవాటిలో అవీ ఉన్నాయి.

బీజాలు కోడిగుడ్డు ఆకారంలో, రంగు లేకుండా, మందపాటి గోడతో, లోపల రవ్వ పోసినట్టు ఉన్నాయి. అడ్డుగోడ లేదు, ఒకటే గది. ఇక కొలవాలి.

కొలతకి ఐపీస్‌లో, అంటే కన్ను పెట్టి చూసే లెన్సు గొట్టంలో, ఇమిడే చిన్న గాజు బిళ్ల మీద గీసిన స్కేలు ఉంటుంది. ఆ గీతలకి సొంత విలువ ఏమీ లేదు, లెన్సు మారితే విలువ మారుతుంది. అది తెలుసుకోడానికి స్టేజ్ మైక్రోమీటర్ అనే ఇంకో స్లైడు కావాలి. ఒక మిల్లీమీటర్‌ని వంద భాగాలు చేసి గీసి ఉంటుంది, ఒక్కో గీత 10 మైక్రాన్లు. నేను చదివిన కాలేజీకి వెళ్లి బతిమాలి ఒక్క పూటకి అరువు తెచ్చాను. 10 లెన్సు కింద పెట్టి చూస్తే ఐపీస్ గీత ఒకటి సరిగ్గా 10 మైక్రాన్లు. లెక్క ఎంత సులువుగా ఉందో అనుకుని, ఆ సంతోషంలో స్లైడు తిరిగి ఇచ్చేశాను.

తర్వాత 40 లెన్సు కింద బీజాలు కొలిచాను. పొడవు పదిన్నర గీతలు. అంటే 105 మైక్రాన్లు! అంత పెద్ద బీజం ఉన్న ఫంగస్ కోసం రెండు రాత్రులు పుస్తకాలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు. కొత్తదేదో కనిపెట్టేశానేమోనన్న ఆలోచన కూడా ఒక క్షణం రాకపోలేదు, ఎందుకు అబద్ధమాడటం. మూడో రాత్రి ఏమీ తోచక నా తల వెంట్రుక ఒకటి స్లైడు మీద పెట్టి కొలిచాను. 300 మైక్రాన్లు వచ్చింది. మిల్లీమీటర్‌లో మూడో వంతు లావు వెంట్రుక! నా జుట్టు అంత లావుంటే అమ్మ మందార నూనె కోసం ఊరంతా తిరగక్కర్లేదు.

మర్నాడు మళ్లీ బస్సెక్కి కాలేజీకి వెళ్లి 40 లెన్సుకి కూడా సరిచూశాను. ఐపీస్ గీతలు వందకి స్టేజ్ మైక్రోమీటర్ గీతలు ఇరవై ఐదు పడ్డాయి. అంటే ఒక్కో గీత 2.5 మైక్రాన్లు. వెంట్రుక 75కి దిగొచ్చింది. బీజం పొడవు 26. ఆ అంకెల్ని చీటీ మీద రాసి మైక్రోస్కోపు మెడకే అంటించాను.

26 మైక్రాన్లు, రంగులేనిది, ఒకటే గది, పిక్నిడియంలో పుట్టింది. పట్టికలో చూస్తే మాక్రోఫోమినా ఫాసియోలినా బీజాలు 14 నుంచి 30 దాకా ఉంటాయని ఉంది. మన దగ్గర నువ్వు చేలల్లో కాండం బొగ్గులా మాడి చచ్చిపోతుందే, ఆ తెగులు తెచ్చేది అదే. పేరు తెలిసినది కనపడగానే ప్రాణం లేచొచ్చింది. మావయ్యకి ఫోన్ చెయ్యబోయి, ముందు నైర వ్యవసాయ కళాశాలలో చదివిన స్నేహితురాలికి చేశాను. అంతా విని అది ఒకటే అడిగింది.

"వెడల్పు ఎంతే?"

వెడల్పు 13.5. నోట్‌బుక్‌లో రాసే ఉంది. మాక్రోఫోమినాకి 10 దాటదు. సరిపోయిన అంకెని పట్టుకుని, సరిపోనిదాన్ని చూసీ చూడనట్టు వదిలేశాను.

"అవి పచ్చి బీజాలై ఉంటాయి. వాటినే చూసి పేరు పెడితే చిన్నపిల్లాడి ఫోటో చూసి పెళ్లిచూపులకి వెళ్లినట్టే. పుల్లని తడిలో పెట్టి ముదరనివ్వు" అంది.

మా పాత స్టీలు టిఫిన్ బాక్సు తీసుకున్నాను. అడుగున నాలుగు మడతల టిష్యూ కాగితం తడిపి, దాని మీద రెండు అగ్గిపుల్లలు అడ్డంగా పెట్టి, వాటి మీద మామిడి పుల్ల. పుల్ల నీళ్లకి తగలకూడదు, తేమ మాత్రం అందాలి. మూత కొంచెం వదులుగా పెట్టి బీరువా కింద పెట్టాను.

ఈ ఎదురుచూపులో ఊరికే కూర్చోలేక పెరట్లో ఎండిన మిరప మొక్క కాండం ఒకటి తెచ్చి చూశాను. మీలో ఎవరికైనా ఈ పని మొదలుపెట్టాలని ఉంటే మామిడి వద్దు, మిరపతోనే మొదలుపెట్టండి. కొమ్మఎండు తెగులు పట్టిన మిరప కాండం మీద చుక్కని భూతద్దంలో చూస్తేనే నల్లటి ముళ్లు కనిపిస్తాయి, చిన్న ముళ్లపందిలా. మైక్రోస్కోపు కింద ఆ ముళ్లు అడుగున లావుగా, చివర సూదిలా, మధ్యలో రెండు మూడు అడ్డుగోడలతో ఉంటాయి. వాటి చుట్టూ బీజాలు రంగులేకుండా, కొడవలి లాగా వంగి, పోగులు పోగులుగా పడి ఉంటాయి. ముంత ఉండదు, తెరిచిన పళ్లెంలా ఉంటుంది. ముళ్లు, కొడవళ్లు, పళ్లెం మూడూ కనపడ్డాక ప్రజాతి, అంటే జాతులకి ఇంటిపేరు లాంటిది, కొల్లెటోట్రైకమ్ అని అరగంటలో తేలిపోయింది. మిరప మీద ఉండే ఈ కొడవలి రకాన్ని చాలాకాలం కాప్సిసి అని పిలిచారు, ఇప్పుడు ట్రంకేటమ్ అనే జాతిలో కలిపేశారు. ఇవే కాయ మీద ఉంగరాలు ఉంగరాలుగా కుళ్లు తెచ్చేది కూడా. ఆ రాత్రి నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఇంకో సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర పెట్టుకున్న గోగు పుల్లల కట్టలోంచి ఒకటి లాగాను. నాన్న బతికున్నప్పుడు ఊళ్లో గోగు వేసేవాళ్లం, నార తీశాక మిగిలిన పుల్లలు దడులకీ పొయ్యికీ వాడేవాళ్లం. ఇప్పటికీ పక్కింటివాళ్లు ఒక కట్ట ఇస్తుంటారు. ఆ పుల్ల మీద చుక్కని నొక్కితే పొడవాటి సంచులు బయటికొచ్చాయి, ఒక్కో సంచిలో వరసగా బీజాలు. లెక్కపెట్టాను, ఎనిమిది. ఇంకో సంచి, ఎనిమిది. పుస్తకంలో ఆస్కస్ అనే ఈ సంచి బొమ్మ వేసి బీజాలు ఎనిమిది అని ఎన్ని బ్యాచులకి చెప్పానో! కంటితో చూడ్డం అదే మొదటిసారి. అర్ధరాత్రి దాటాక మా ఆయన్ని లేపి మరీ చూపించాను. ఆయన ఒక కన్ను మూసి చూసి "బఠానీ కాయల్లా ఉన్నాయి" అని పోయి పడుకున్నాడు. దానికి ఇప్పటికీ పేరు పెట్టలేదు. బొమ్మా కొలతలూ నోట్‌బుక్‌లో ఉన్నాయి.

మూడో రోజు టిఫిన్ బాక్సు తెరిస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. పుల్ల కోసిన చివర్ల మీద పచ్చబూజు, తెల్ల దూది, వాటి మధ్య ఒక కాపురమే ఉంది. స్లైడు మీద పెట్టి చూస్తున్నాను కదా, లెన్సు కింద ఉన్నట్టుండి ఎనిమిది కాళ్ల రాక్షసి ఒకటి బీజాల్ని తొక్కుకుంటూ నడిచిపోయింది. కుర్చీలోంచి లేచిపోయాను. కంటికి దుమ్ములా కూడా కనపడని నల్లి అది. బూజు తినే రకం. ఇవి చేరితే ఒక డబ్బాలోని బీజాల్ని ఇంకో డబ్బాలోకి మోసుకుపోతాయి. పుల్లని తీసి, కోసిన చివర్లు కత్తిరించేసి, స్పిరిట్‌తో పైపైన తుడిచి, కొత్త టిష్యూతో వేరే డబ్బాలో పెట్టాను. ఈ లోగా పాత డబ్బాని అమ్మ కడిగేసి అందులో పచ్చడి పెట్టింది. నేను ఆ పచ్చడి తినలేదు, ఎందుకో చెప్పలేదు.

అయిదో రోజుకి చుక్కల మూతుల దగ్గర తెల్లటి జిగురు బొట్లు వచ్చాయి. లోపల మునుపటిలాగే రంగులేని గుడ్లు. తొమ్మిదో రోజు పొద్దున కాలేజీకి వెళ్లేముందు మూత తీస్తే బొట్లు నల్లబడి ఉన్నాయి. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు, ఒకటి రెండు చోట్ల చిన్న నల్ల మెలిక బయటికి వచ్చి వంగి ఉంది. సూది కొన తాకించి నీటి బొట్టులో కలిపాను. ఇక్కడ ఇంకో మాట. రంగు చూడాలంటే ముందు మామూలు నీళ్లలోనే చూడాలి. నేను అలవాటుగా ముందొకసారి లాక్టోఫినాల్ కాటన్ బ్లూ వేసి అన్నింటినీ నీలం చేసేసుకున్నాను, దాంతో అసలు రంగేదో తెలియలేదు. పైగా అందులో ఫినాల్ ఉంటుంది, చర్మం మీద పడితే కాలుతుంది. కిటికీ తీసి ఉంచి, పిల్లల్ని దూరంగా పెట్టి వాడండి.

నీళ్లలో చూస్తే ముదురు గోధుమ రంగు, కాఫీ డికాషన్ రంగు. మధ్యలో ఒక అడ్డుగోడ, రెండు గదులు. వాటి పక్కనే ఇంకా రంగెక్కని ఒంటిగది గుడ్లు కూడా తేలుతున్నాయి, రెండూ ఒకే మూతిలోంచి వచ్చినవి. ఫోకస్ చక్రాన్ని కాస్త తిప్పాను. బీజం నడిమి నుంచి పై గోడకి ఫోకస్ వచ్చేసరికి పొడుగునా గీతలు తేలాయి, దోసకాయ మీద చారల్లాగా ఈ కొన నుంచి ఆ కొన దాకా. ఇంకాస్త తిప్పితే మాయం. వెనక్కి తిప్పితే మళ్లీ ప్రత్యక్షం. గోడ లోపలివైపు పేరుకున్న నల్ల పదార్థం వల్ల వచ్చే చారలు అవి. ఫోకస్ ఒక్కచోట ఆపి ఫోటో తీస్తే సాదా గోధుమ బీజంలాగే వస్తుంది, నా ఫోన్‌లో తీసినవన్నీ అలాగే వచ్చాయి. ఆ రోజు ఫస్ట్ అవర్ క్లాసుకి పదిహేను నిమిషాలు లేటయ్యాను.

చారలున్న, రెండు గదుల, గోధుమ రంగు బీజాలు, చాలాకాలం రంగు లేకుండా ఉండి ఆలస్యంగా ముదరడం, మేకుల మధ్య ఆ వెంట్రుకల్లాంటి తంతువులు. ఇవన్నీ కలిస్తే లాసియోడిప్లోడియా. ముప్పై బీజాలు కొలిచి సగటు తీశాను, 26 పొడవు, 13.5 వెడల్పు. ఆ ప్రజాతిలో అందరికీ తెలిసినది లాసియోడిప్లోడియా థియోబ్రోమే, దానికి చెప్పే కొలతల్లో ఇది హాయిగా ఇముడుతుంది. ఈక్వెడార్‌లో కోకో చెట్టు మీద దొరికినదానికి 1892లో పటూయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బోట్రియోడిప్లోడియా థియోబ్రోమే అని పేరు పెట్టాడు. మన పాత వ్యవసాయ పుస్తకాల్లో ఆ పేరుతోనే ఉంటుంది. కోకో మీద దొరికింది కాబట్టి ఆ పేరు, కానీ అది అరటి, కొబ్బరి, జీడి, మామిడి, దేన్నీ వదలదు.

నోట్‌బుక్‌లో మాత్రం ప్రజాతి పేరే రాసి, జాతి దగ్గర ప్రశ్నార్థకం పెట్టాను. 2004 తర్వాత డీఎన్ఏ చూసి ఈ ఒక్కదానిలోంచే చాలా జాతుల్ని విడదీశారు. వాటిలో కొన్నింటి బీజాలు కొలతల్లో ఒకదానిమీద ఒకటి పడతాయి. నా ఒంటికన్ను మైక్రోస్కోపు అక్కడిదాకా వెళ్లలేదు.

అసలు పేచీ పేరు తేలాక మొదలైంది. ఎండిన పుల్ల మీద దొరికిందే పుల్లని ఎండబెట్టిందని ఎలా చెప్పడం? ఈ ఫంగస్ ఆరోగ్యంగా ఉన్న చెట్టు లోపల కూడా ఏ హానీ చెయ్యకుండా ఏళ్లతరబడి ఉండగలదు. చెట్టు నీరసించినప్పుడో, గాయమైనప్పుడో విజృంభిస్తుంది. వేరే కారణంతో చచ్చిన కొమ్మ మీదకి తర్వాత వచ్చి చేరనూ గలదు. గట్టిగా తేల్చాలంటే దాన్ని విడిగా పెంచి, ఆరోగ్యమైన మొక్కకి అంటించి, అదే తెగులు వచ్చిందా అని చూసి, అందులోంచి మళ్లీ దాన్నే బయటికి తియ్యాలి. అది మా వరండాలో జరిగే పని కాదు. అందుకే మావయ్యని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను.

"ఎండటం చివర నుంచి కిందకి దిగతందా, మధ్యలోనా?"

"సివర్నుంచే. కిందకి దిగతాది."

"పుల్లని నిలువునా చీల్చి చూడు, లోపల కర్ర రంగు మారిందా?"

కాసేపాగి మళ్లీ ఫోన్ చేశాడు. "మద్దెలో మట్టి రంగు గీత ఉన్నాది. పచ్చి కాడ దాకా దిగిపోనాది."

"వేసవిలో కాయలు గడ్డిలో వేసినప్పుడు తొడిమ దగ్గర నల్లబడి కుళ్లాయా?"

"సగం అలాగే పోనాయి కదమ్మా! అది యాపారి బుట్టలో ఒత్తుకుపోయి అనుకున్నాను."

తొడిమ నుంచి కుళ్లించేదీ ఇదే. ఇన్ని కలిశాక కొమ్మఎండు అని చెప్పడానికి నాకు ధైర్యం చాలింది. ఎండిన భాగం కింద ఇంకో నాలుగు వేళ్లు పచ్చి కొమ్మ కలిపి కత్తిరించమన్నాను, ఎందుకంటే ఫంగస్ ఎండిన చోటు కంటే ముందుకి వెళ్లి ఉంటుంది. కత్తిని ప్రతి చెట్టుకీ స్పిరిట్‌తో తుడవమన్నాను. కోసిన చోట బోర్డో పేస్టు పూయాలి, మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు పది లీటర్లు. చెట్ల మీద లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడ్. కొట్టతను రాసిచ్చిన మూడింటిలో ఒకటి ఇదే, ఇంకోటి పురుగుల మందు, మూడోది ఏదో టానిక్కు. "ఆ రెండూ ఇప్పుడు వద్దులే" అంటే మావయ్య ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు, అప్పటికే మూడూ కొనేసినట్టున్నాడు. కత్తిరించిన పుల్లలు మాత్రం తోటలో ఉంచకుండా కాల్చెయ్యమని రెండుసార్లు చెప్పాను.

కార్తీక మాసంలో వనభోజనాలకని అందరం తోటకి వెళ్లాం. చెట్లు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి, కోసిన చోటల్లా నీలం పూత. మావయ్య ఒక్కో చెట్టూ చూపిస్తూ ముందు నడుస్తున్నాడు. పాక దగ్గరికి వచ్చేసరికి పెద్ద సువర్ణరేఖ చెట్టు మొదట్లోనే ఎండు పుల్లల కుప్ప, నడుం ఎత్తున.

"కాల్చెయ్యమన్నాను కదా మావయ్యా!"

"కాలిస్తే ఏటొస్తాది? పొయ్యిలోకి పనికొస్తాయని మీ అత్తే ఉంచమన్నాది."

ముందురోజు రాత్రి జల్లు పడినట్టుంది, పుల్లలు తడిగా ఉన్నాయి. ఒకటి లాగి భూతద్దం పెట్టాను. చుక్కల మూతులన్నింటి దగ్గరా నల్లటి జిగురు. కుప్పకి సరిగ్గా పైన చెట్టు కొమ్మ ఒకటి కిందికి వంగి, లేత ఇగురు వేసి ఉంది. మావయ్యని పిలిచి భూతద్దం చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు. తర్వాత ఏమీ అనకుండా పాకలోకి వెళ్లి కిరసనాయిల్ సీసా, అగ్గిపెట్టె తెచ్చాడు. అంటించేలోపు ఒక పుల్ల తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను. దాని మీద చుక్కలు కొంచెం వేరేగా, ముళ్లతో ఉన్నట్టు అనిపించాయి.